టాప్ సెల్లింగ్ కారు అంటే ఏ సైజులో టాప్? 4 మీటర్ల రూల్ కథ

 

ప్రతి నెలా ఒకటో తారీఖు దాటగానే మన ఫోన్లలో ఒక లిస్టు తిరగడం మొదలవుతుంది. "గత నెల ఎక్కువ అమ్ముడైన టాప్ 10 కార్లు." దాని వెనకే ఇంకోటి, "టాప్ 10 ఎస్‌యూవీలు." ఆ వెనకే "టాప్ 5 సెడాన్లు." ఒకే కారు మొదటి లిస్టులో ఏడో నంబర్, రెండో లిస్టులో మూడో నంబర్, ఇంకెక్కడో హోర్డింగ్ మీద "సెగ్మెంట్‌లో నంబర్ వన్." ఇదెలా సాధ్యం? అసలు ఈ సెగ్మెంట్లు ఎవరు గీశారు? దేన్ని బట్టి గీశారు? ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

ముందు నా కథ చెప్పేస్తాను. అప్పటికి నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నాను. నాన్న రిటైర్ అయ్యారు. ఆయన డబ్బు కొంత, నా లోన్ కొంత వేసి ఇంట్లో మొదటి కారు కొన్నాం. ఎలా ఎంచుకున్నానో తెలుసా? లిస్టు చూసి. ఆ నెల కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో పైన ఉన్నది తీసుకున్నాను. ఇంతమంది కొన్నారంటే మంచిదే అయ్యుంటుంది కదా అని. పేరు చెప్పను. ఎందుకంటే తప్పు కారుది కాదు, నాది.

సంక్రాంతికి అమలాపురం బయల్దేరాం. నాన్న, అమ్మ, నాన్నమ్మ, చెల్లి, నేను. ఐదుగురం, ఐదు సీట్లు, లెక్క సరిపోయింది. నాన్నమ్మ మడత వీల్‌చైర్ డిక్కీలో పెట్టాం. అంతే, డిక్కీ అయిపోయింది. రెండు సూట్‌కేసులు, ఒక సంచి కింద ఉండిపోయాయి. అవన్నీ వెనక సీటులోకి ఎక్కితే ఒక మనిషి దిగాలి. మేం అటు సర్ది, ఇటు సర్ది చూస్తుంటే నాన్న నెమ్మదిగా, "మీరు పదండిరా, నేను బస్సులో వచ్చేస్తా" అన్నారు. పండగ రష్‌లో, ఎల్బీ నగర్‌లో, తన డబ్బుతో కొన్న కారు వెళ్లిపోతుంటే ఆయన బస్సు కోసం నిలబడ్డారు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే డౌట్. బయట నుంచి అంత పెద్దగా కనిపించే బండి లోపల ఎందుకు చాల్లేదు? తవ్వుకుంటూ పోతే 2006లో తేలాను.

2006 ఫిబ్రవరి 28. కేంద్ర బడ్జెట్. ఆర్థిక మంత్రి చిదంబరం. చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. మరి చిన్న కారంటే ఏంటి? దానికొక నిర్వచనం ఇచ్చారు. పొడవు 4000 మిల్లీమీటర్లు మించకూడదు. పెట్రోల్ అయితే ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకూడదు. మా కోడింగ్ భాషలో ఇదొక ఇఫ్ కండిషన్. పొడవు, ఇంజిన్ రెండూ లోపలే ఉంటే తక్కువ పన్ను. ఒక్కటి దాటినా ఎక్కువ పన్ను. మధ్యలో మెట్లు లేవు. 4000 మిల్లీమీటర్లకీ 4001కీ మధ్య ఒక గోడ.

గోడ కడితే ఏమవుతుంది? అందరూ గోడకి ఆనుకుని ఇల్లు కడతారు. కార్ల కంపెనీలూ అదే చేశాయి.

2008లో టాటా ఇండిగో సీఎస్ వచ్చింది. మామూలు ఇండిగో సెడాన్‌ని కుదించి 3988 మిల్లీమీటర్లకి తెచ్చారు. అదే ఏడాది మారుతి స్విఫ్ట్ డిజైర్ వచ్చింది. దాని పొడవు 4160. అంటే గోడ బయట. 2012లో కొత్త డిజైర్ తెచ్చారు. పొడవు 3995. తగ్గిన ఆ 165 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి పోయాయో చూడండి. పాత డిజైర్ డిక్కీ 440 లీటర్లు. కొత్తది 316 లీటర్లు. 124 లీటర్లు మాయం. ఇంజిన్‌ని కుదించలేరు, మనుషుల కాళ్లని కుదించలేరు. కత్తెర పడేది డిక్కీ మీదే. తర్వాత 2017లో వచ్చిన డిజైర్‌లో అదే పొడవులో డిక్కీని 378 లీటర్లకి పెంచారు, ఆ క్రెడిట్ ఇంజినీర్లకి ఇవ్వాల్సిందే. కానీ 440 మాత్రం తిరిగి రాలేదు.

మహీంద్రా జైలో గుర్తుందా? పెద్ద బండి. దాని తోక కోసి 2012లో క్వాంటో అని తెచ్చారు, 1.5 లీటర్ డీజిల్ ఇంజిన్‌తో. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ వచ్చింది. పొడవు 3999. ఒక్క మిల్లీమీటర్! పరీక్షలో 35 మార్కులతో పాసైనవాడికి కూడా అంత గురి ఉండదు.

ఇక వరసగా చూడండి. మారుతి బ్రెజా 3995. హ్యుందాయ్ వెన్యూ 3995. కియా సోనెట్ 3995. మహీంద్రా ఎక్స్‌యూవీ 300 కూడా 3995. వేరు వేరు కంపెనీలు, వేరు వేరు దేశాల డిజైనర్లు, నంబర్ మాత్రం మిల్లీమీటర్‌తో సహా ఒకటే. మన రోడ్లు చూసో, మన కుటుంబాలు చూసో వచ్చిన సైజు కాదది. పన్ను చూసి వచ్చిన సైజు.

ఇది మన దేశంలోనే ఉన్న వింత కూడా కాదు. జపాన్‌లో కేయ్ కార్లని ఒక క్లాస్ ఉంది. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజిన్ 660 సీసీ. ఇవి దాటకపోతే పన్ను తక్కువ. మన వ్యాగన్ ఆర్ పుట్టింది ఆ క్లాస్‌లోనే. అక్కడ దాని పొడవు 3395. ఇక్కడ అదే పేరుతో 3655, ఎందుకంటే ఇక్కడి గోడ ఇంకా దూరంగా ఉంది.

సరే, ఇప్పుడు లిస్టులోకి వద్దాం. 2024 క్యాలెండర్ ఇయర్ తీసుకోండి. దేశంలో ఎక్కువ అమ్ముడైన కారు టాటా పంచ్, సుమారు 2 లక్షల 2 వేలు. దాదాపు 40 ఏళ్ల తర్వాత మారుతి కాని కారు పైకెక్కింది. ఆ తర్వాత వ్యాగన్ ఆర్, ఎర్టిగా, బ్రెజా, క్రెటా. ఈ ఐదింటినీ ఒకే లైన్‌లో పెట్టి టేపు పట్టుకుందాం. పంచ్ 3827. వ్యాగన్ ఆర్ 3655. బ్రెజా 3995. ఎర్టిగా 4395. క్రెటా 4330. మూడు గోడ లోపల, రెండు బయట.

ఇక్కడో ట్విస్ట్ ఉంది. బ్రెజా గోడ లోపలే ఉంది కదా, మరి పన్ను తక్కువేనా? కాదు. 2016లో వచ్చినప్పుడు దానికి 1248 సీసీ డీజిల్ ఇంజిన్ ఉండేది, రూల్‌కి సరిపోయేది. 2020లో డీజిల్ తీసేసి 1462 సీసీ పెట్రోల్ పెట్టారు. పెట్రోల్‌కి హద్దు 1200 కదా. అంటే ఇప్పుడు ఆ బండి పొడవు చిన్న కారుది, పన్ను పెద్ద కారుది. కాబట్టి 4 మీటర్ల లోపు ఉన్న ప్రతి కారూ చిన్న కారు అనుకోవద్దు. కండిషన్‌లో రెండు సగాలున్నాయి, రెండోది మర్చిపోతాం.

ఇది పన్ను వేసేవాళ్ల లెక్క. అమ్మకాలు లెక్కబెట్టేవాళ్లది ఇంకో లెక్క. కార్ల తయారీదారుల సంఘం సియామ్ కూడా పొడవుని బట్టే డబ్బాలు గీసింది. 3600 లోపు మినీ, 3600 నుంచి 4000 దాకా కాంపాక్ట్, ఇలా పైకి వెళ్తుంది. దీని ప్రకారం ఆల్టో కె10 మినీ. వ్యాగన్ ఆర్, డిజైర్ రెండూ కాంపాక్ట్. మన కళ్లకి ఒకటి టాల్ బాయ్, ఒకటి డిక్కీ ఉన్న సెడాన్. టేపు కళ్లకి ఇద్దరూ ఒకే క్లాస్ పిల్లలు.

ఎస్‌యూవీలకి, ఎంపీవీలకి వేరే పెద్ద డబ్బా ఉంది. దాని పేరు యుటిలిటీ వెహికల్స్. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో సుమారు 43 లక్షల ప్యాసింజర్ వాహనాలు అమ్ముడైతే, అందులో 65 శాతం యుటిలిటీ వెహికల్సే. "ఇండియా మొత్తం ఎస్‌యూవీ బాట పట్టింది" అని థంబ్‌నెయిల్స్ పెట్టేది ఈ నంబర్ చూసే. నేనూ ఒకసారి పెట్టాను, ఒప్పుకుంటున్నా.

కానీ ఆ డబ్బాలో ఏముందో చూడండి. మారుతి బలెనో హ్యాచ్‌బ్యాక్, పొడవు 3990. ఫ్రాంక్స్ ఎస్‌యూవీ, పొడవు 3995. రెండింటి వీల్‌బేస్ 2520, అచ్చం ఒకటే. ఎందుకంటే బలెనో పునాది మీదే ఫ్రాంక్స్ కట్టారు. కాస్త ఎత్తు పెంచారు, బానెట్ నిటారుగా చేశారు, చుట్టూ నల్ల ప్లాస్టిక్ వేశారు. ఒకటి కార్ల డబ్బాలోకి, ఒకటి యుటిలిటీ డబ్బాలోకి వెళ్లాయి. డిక్కీ ఎంతో తెలుసా? బలెనోది 318 లీటర్లు. ఎస్‌యూవీ అనే ఫ్రాంక్స్‌ది 308. పేరు పెరిగింది, 10 లీటర్లు తగ్గింది. ఫ్రాంక్స్ మంచి బండి కాదని నేను అనట్లేదు. గతుకుల రోడ్డు ఉన్న ఊరికి ఆ ఎత్తు పనికొస్తుంది. కానీ "ఎస్‌యూవీ కదా, సామాన్లు పడతాయి" అని కొంటే నాలాగే బుక్ అవుతారు.

ఇంకో విషయం. నెల మొదట్లో వచ్చే లిస్టు మనం కొన్న కార్ల లెక్క కాదు. కంపెనీ నుంచి డీలర్‌కి పంపిన కార్ల లెక్క. స్టాక్‌యార్డ్‌లో ఎండలో నిలబడ్డ బండి కూడా అందులో "అమ్ముడైనట్టే." మనం షోరూమ్‌లో కొని రిజిస్టర్ చేయించుకున్న లెక్క డీలర్ల సంఘం ఫాడా ఇస్తుంది, వాహన్ పోర్టల్ ఆధారంగా. మన తెలంగాణ రిజిస్ట్రేషన్లు చాలా ఏళ్లు వాహన్‌లో లేవు కాబట్టి, ఆ లెక్కలోనూ తెలంగాణ ఉండేది కాదు. అంటే ఏ లిస్టు చూసి నేను కారు కొన్నానో, దాంట్లో నా కారు డీలర్‌కి చేరిన రోజే లెక్కకి వచ్చేసింది. నేను నిజంగా కొన్న లెక్కలో లేనేలేదు. నవ్వొస్తోంది కదా?

ఇప్పుడు లేటెస్ట్. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక కూడా ఈ గోడ అలాగే ఉంది. చిన్న పెట్రోల్ కారుకి సెస్‌తో కలిపి 29 శాతం, డీజిల్‌కి 31, పెద్దవాటికి 45 నుంచి 50. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్ తీసేసి రెండే రేట్లు పెట్టారు. చిన్న కారుకి 18, మిగతావాటికి 40. రేట్లు తగ్గాయి, సంతోషం. గోడ మాత్రం కూలలేదు, ఇంకా ఎత్తయింది. ఒక లెక్క వేద్దాం. పన్ను లేకుండా 8 లక్షలు ఉన్న బండి అనుకోండి. 18 శాతంతో 9 లక్షల 44 వేలు. 40 శాతంతో 11 లక్షల 20 వేలు. ఒక్క హద్దు దాటినందుకు లక్షా 76 వేలు తేడా.

మన దగ్గరే దీనికి ఉదాహరణ ఉంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ. అదే గేటులోంచి సోనెట్ వస్తుంది, 3995 మిల్లీమీటర్లు. సెల్టోస్ వస్తుంది, 2023 మోడల్ 4365. మధ్యలో తేడా జానెడున్నర కంటే కాస్త ఎక్కువ. ఒకటి 18 డబ్బా, ఇంకోటి 40 డబ్బా. ఎలక్ట్రిక్‌కి అయితే ఈ గొడవే లేదు, ఎంత పొడవున్నా 5 శాతమే.

మరి మనమేం చేయాలి? లిస్టులు చూడొద్దని చెప్పను. ఎక్కువ అమ్ముడైన కారుకి మెకానిక్ దొరుకుతాడు, పార్ట్స్ దొరుకుతాయి, తిరిగి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. అవి నిజమైన లాభాలు. కానీ లిస్టు మీకు మార్కెట్ గురించి చెబుతుంది, మీ ఇంటి గురించి చెప్పదు. "సెగ్మెంట్‌లో నంబర్ వన్" అని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు వేయండి. ఏ సెగ్మెంట్, దేన్ని బట్టి? పొడవు, ఇంజిన్ ఎంత, నేను కట్టే పన్ను ఎంత? పంపిన లెక్కా, రిజిస్టర్ అయిన లెక్కా? ఆ తర్వాత మీ ఇంట్లోవాళ్లందర్నీ తీసుకెళ్లి కూర్చోబెట్టండి. పండక్కి ఊరెళ్లే సామాను కూడా పట్టుకెళ్లండి. సేల్స్‌వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

మొన్న మా బాబాయి కారు కొందామని నాన్నని, నన్ను షోరూమ్‌కి తీసుకెళ్లాడు. సేల్స్ అబ్బాయి ట్యాబ్ తీసి, "సర్, సెగ్మెంట్‌లో నంబర్ వన్ ఇదే" అని మొదలుపెట్టాడు. నాన్న ఏం మాట్లాడలేదు. మా కారు దగ్గరికి వెళ్లి నాన్నమ్మ వీల్‌చైర్ తెచ్చి, "డిక్కీ తెరువు బాబూ" అన్నారు. చైర్ పెట్టి, పక్కన ఒక సూట్‌కేసు కూడా పెట్టి, తలుపు మూసి చూశారు. మూసుకుంది. అప్పుడు వెనక్కి తిరిగి, "ఇప్పుడు చెప్పు, ఏంటి నంబర్ వన్ అన్నావు?" అన్నారు.

ఇదండీ ఇవాళ్టి ముచ్చట. మీ చుట్టూ ఎవరైనా ఈ నెలలో కారు బుక్ చేసే ప్లాన్‌లో ఉంటే, అడ్వాన్స్ కట్టేలోపే ఇది వాళ్లకి పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. సీట్ బెల్ట్ పెట్టుకోండి, వెనక కూర్చున్నా సరే. ఉంటాను, బై.