స్లాబు వేయకముందే చూడవలసినది

(సూరత్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్ నగరం మన తెలుగువారికి పరాయిది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాలు నడుపుతూ జీవిస్తున్నాయి. ఇక్కడి రంగుల మిల్లులు, రసాయనిక కర్మాగారాలు ఎందరికో అన్నం పెట్టాయి. ఆ కర్మాగారాలు మట్టిలో వదలిన దానిని గురించి ఈనాడు మాట్లాడదలచాను. విషయం ఇంజనీర్లకు చెందినదిగా తోచవచ్చు. కాని ఆ నేలమీద చాప పరచుకొని నిద్రించేది మనమూ, మన పిల్లలూ అని మరువరాదు.

2022 జనవరి 6వ తేదీ వేకువజామున ఈ నగరంలోని సచిన్ పారిశ్రామికవాడలో ఏమి జరిగినదో మీరెరుగుదురు. ఒక ట్యాంకరు నుండి రసాయనాన్ని అక్రమంగా కాలువలోకి వదిలారు. దాని నుండి లేచిన విషవాయువుకు సమీపంలోని అద్దకపు మిల్లు కార్మికులు గురై, ఆరుగురు మరణించారు. ఇరవైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అంతకు ముందు 2020 మే 7న విశాఖపట్టణంలో స్టైరీన్ ఆవిరి పన్నెండు ప్రాణాలను బలిగొన్నది. ఇవి ఒక్కరాత్రిలో జరిగిన ఘోరాలు గనుక లోకమంతా చూచినది. నేను చెప్పబోయే ప్రమాదం సంవత్సరాల తరబడి నేలలోనుండి మెల్లగా ఇంటిలోకి వస్తుంది. తరచుగా దానికి వాసన కూడ తెలియదు.

అది ఎట్లు జరుగునో చెప్పెదను. పాత మిల్లు మూతపడుతుంది, షెడ్డు కూల్చివేస్తారు, నేల అమ్ముడుపోతుంది. ఇంధనం నిలువచేసిన చోట బెంజీన్, యంత్రభాగాల జిడ్డు కడిగిన చోట ట్రైక్లోరోఇథిలీన్ వంటి ద్రవాలు మట్టిలోకి, భూగర్భజలంలోకి ఇంకి ఉండవచ్చు. మన రైల్వే వర్క్‌షాపులు, డీజిలు షెడ్లు, పాత యార్డులు ఇందుకు మినహాయింపు కావు. ఆ ద్రవాలు ఆవిరియై మట్టి సందులలో నిలుస్తాయి. పైన ఇల్లు కట్టగానే, లోపలి వేడిగాలి పైకి పోవుట వలన, ఎగ్జాస్టు పంకాలు తిరుగుట వలన, గదులలో పీడనం కొంత తగ్గుతుంది. అప్పుడు ఇల్లే నేలలోని గాలిని పీల్చుకుంటుంది. స్లాబు పగుళ్ళు, నీటి గొట్టాల చుట్టూ ఉన్న సందులు, కరెంటు తీగల పైపులు దానికి దారులు. బెంజీన్ రక్త క్యాన్సరుకు, ట్రైక్లోరోఇథిలీన్ మూత్రపిండాల క్యాన్సరుకు కారణమని వైద్యశాస్త్రం తేల్చినది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని లవ్ కెనాల్‌లో రసాయన వ్యర్థాలు పూడ్చిన భూమిని 1953లో ఒక కంపెనీ కేవలం ఒక డాలరుకు పాఠశాల బోర్డుకు ఇచ్చినది. ఆ నేలపై బడి, చుట్టూ ఇళ్ళు వెలిశాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చినది. అందుకై పోరాడినవారు అక్కడి నివాసులే. వారి నాయకురాలు లోయిస్ గిబ్స్ ఒక సాధారణ గృహిణి. హాలెండులోని లెక్కర్‌కెర్క్‌లో 1980లో సుమారు 270 ఇళ్ళు ఖాళీ చేయించారు. ఆ ఇళ్ళ క్రింద రసాయనాల పీపాలు బయటపడ్డాయి. 1986లో ఇంగ్లండులోని లోస్కోలో పాత చెత్తగుంట నుండి ప్రాకివచ్చిన మీథేన్ పేలి ఒక ఇల్లు నేలమట్టమయినది.

దీనికి మొదటి మందు మట్టిని శుభ్రపరచడమే. ఆపైన మిగిలిన ఆవిరికి అడ్డుకట్ట వేయాలి. స్లాబు క్రింద కంకర పరచి, అందులో రంధ్రాల గొట్టాలు పెట్టి, వాటిని ఇంటి కప్పు దాటించి పైకి తీసుకొనిపోతారు. కంకరమీద దళసరి పొర పరుస్తారు, లేదా పిచికారీ చేస్తారు. ఆ పైన ఇనుపకమ్మీలు, కాంక్రీటు. చెమ్మకు వేసే పలుచని ప్లాస్టిక్ కాగితం ఇందుకు చాలదు. అది తేమను ఆపవచ్చును గాని బెంజీన్ వంటి ఆవిర్లు దానిగుండా చొచ్చుకొనివస్తాయి.

ఇక అసలు సంగతి. ఆ పొర మీద కాంక్రీటు పడిన తరువాత దానిని ఎవరూ చూడజాలరు. మగ్గం మీద పోగు తెగితే గుడ్డమీద కనబడుతుంది. ఇక్కడ చిల్లు పడితే ఇరవై ఏళ్ళకు ఒక పిల్లవాని రక్తపరీక్షలో కనబడవచ్చు. కనుక తనిఖీ అంతా ముందే జరగాలి.

నేల చదునుగా, మొనదేలిన రాళ్ళు లేకుండా ఉన్నదా? అతుకులు ఒకదానిమీద ఒకటి తగినంత ఎక్కినవా? అతుకు మధ్య గాలి నింపితే పీడనం నిలుస్తున్నదా? గొట్టాలు పైకి వచ్చిన ప్రతిచోట బిగువైన తొడుగు ఉన్నదా? పిచికారీ పొర అయితే కావలసిన మందం అంతటా వచ్చినదా? వానాకాలంలో తడి నేలమీద పని చేశారా? 2006 ఆగస్టులో తాపీ వరద చూచిన ఈ నగరంలో నీటిసంగతి అడుగకుండా ఉండరాదు. చివరకు పొర క్రిందికి పొగ పంపి, ఎక్కడ పైకి వచ్చునో వెదకాలి. కమ్మీలు పరచిన తరువాత మరల ఒకసారి చూడాలి. ఎక్కువ చిల్లులు పడేది కమ్మీల మొనల వలన, కూలీల రాకపోకల వలననే.

నా అనుభవం ఒకటి చెప్పెదను. ఉద్యోగ విరమణ తరువాత ఒక నిర్మాణస్థలంలో తనిఖీకి వెళ్ళాను. సాయంకాలం, కాంక్రీటు లారీ వచ్చి నిలిచి ఉన్నది. గుత్తేదారు తొందర పెడుతున్నాడు. పొగ పరీక్ష చేయనిదే వీలులేదన్నాను. ఒక నీటిగొట్టం పక్కన సన్నని పొగ లేచినది. గొట్టం జరపవలసివచ్చి ఒక కుర్రవాడు పొరను కత్తితో కోసి, ఎవరికీ చెప్పక ఇసుక కప్పినాడు. "ఎందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగితే, "కూలి కోస్తారని భయపడ్డానండీ" అన్నాడు. లారీని వెనుకకు పంపి, మాసిక వేయించి, మరల పొగ పెట్టి చూచి, మరునాడు కాంక్రీటు వేయించాము. ఆ కుర్రవానికి కూలి కోయవద్దని నేను పట్టుబట్టవలసి వచ్చినది. తప్పు ఒప్పుకున్నవాని నోటి దగ్గర కూడు తీసివేస్తే, తరువాతి చిల్లు ఇసుక క్రిందనే ఉండిపోతుంది.

రైల్వే సోదరులారా! లైన్ క్లియర్ లేనిదే బండిని తరువాతి సెక్షనులోకి పంపుతామా? తనిఖీదారు సంతకం లేనిదే కాంక్రీటు కూడ పడరాదు. తపాలా సోదరులారా! రిజిస్టరు ఉత్తరం ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో సంతకం ఉండేది. ఈ పొరకు కూడ అటువంటి రిజిస్టరు, ఛాయాచిత్రాలు, మాసికల పటం ఉండాలి. కట్టినవాడే తనిఖీ చేసి తానే సంతకం పెట్టుకొనుట తనిఖీ కాదు.

కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో కాలుష్యపీడిత ప్రదేశాల నిర్వహణకు నియమాలు ప్రకటించినది. కాలుష్యానికి బాధ్యుడైనవాడే శుద్ధి వ్యయం భరించాలన్నది వాటి సారాంశం. నియమం కాగితంపై ఉంటే చాలదు, అడిగేవారుండాలి.

కనుక మనం అడుగవలసినవి నాలుగు. పాత యార్డు, మిల్లు భూములలో క్వార్టర్లు గాని కార్యాలయం గాని కట్టేముందు ఆ నేల చరిత్ర, మట్టిగాలి పరీక్ష ఫలితాలు ఉద్యోగులకు తెలుపవలెను. కాంక్రీటుకు ముందు స్వతంత్ర తనిఖీ జరగవలెను. పొరకు నష్టం జరిగినదని చెప్పిన కార్మికునికి కూలినష్టం కలుగరాదు. నివాసులు చేరేముందు గదులలోని గాలిని పరీక్షించి, తనిఖీ పత్రాల నకలు వారికి ఇవ్వవలెను.

నివాసులకు కూడ ఒక బాధ్యత ఉన్నది. కప్పుపై ఆ గొట్టం మూతిని మూయవద్దు. అడుగకుండా నేలకు రంధ్రాలు వేయవద్దు. ఎందుకో మీ ఇంటిలోని ఆడవారికి, పిల్లలకు చెప్పండి. ఇంటిలో అధికసమయం గడిపేది వారే.

ఇల్లు కట్టిన కూలివానికీ, అందులో నివసించే ఉద్యోగికీ ప్రయోజనం ఒక్కటే. ఈ ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినిననాడు ఆ కనబడని పొర నిలుస్తుంది.