వినోద నగరమునకు పోయినపుడు చూచి రాదగినవి



కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిదప హైదరాబాదు యాత్రకు బస్సు మాటలాడుకొనుట నేడు అనేక గ్రామములలో వాడుకయైనది. ఎక్కడికని అడిగినచో పిల్లలు, పెద్దలు ఒక్క గొంతుతో "ఫిలిం సిటీకి" అని చెప్పుదురు. రామోజీ ఫిలిం సిటీ 1996లో వెలసినది. నగరమునకు తూర్పున, విజయవాడ రహదారి ప్రక్కన, సుమారు 1,666 ఎకరముల మేర వ్యాపించిన ఈ చిత్రనిర్మాణ స్థలమును ప్రపంచములో అన్నిటికంటె పెద్దదిగా గిన్నిస్ గ్రంథము పేర్కొన్నది. దానిని చూడవలదని మేము చెప్పము. ఏడాది పొడవున పొలములో వంగిన నడుమునకు ఒక దినము వినోదము న్యాయమే. పిల్లల సంబరము చెప్పనే అక్కరలేదు.

మా మనవి వేరు. బస్సు అంతదూరము పోయినది గదా. మరి రెండు దినములు నిలిపినచో పంచాయతీ సభ్యులకు మిక్కిలి పనికివచ్చు చోటులు ఆ నగరమునందును, చుట్టును ఉన్నవి. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ ప్రదర్శనశాల మాట మేము ఎత్తము. వానిని బస్సు డ్రైవరే చూపును. అతడు చూపని వానిని గూర్చియే ఈ ప్రసంగము.

చిత్రముల కొరకు కట్టిన పల్లెవీధి చూడ ముచ్చటగానే యుండును గాని, అందెవరును కాపురముండరు. కాపురములున్న ఊరు, లోకమంతయు చూడవచ్చుచున్న ఊరు, ఆ చేరువనే కలదు. అదే రహదారి నుండి ఉత్తరముగా చీలిన బాటలో పోయినచో భూదాన్ పోచంపల్లి చేరుదుము. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే ఈ ఊరికి వచ్చిరి. శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమునకు పవనారు ఆశ్రమము నుండి కాలినడకన వచ్చి, అది ముగిసిన పిమ్మట తెలంగాణ పల్లెలలో నడక సాగించుచుండిరి. అవి భూమికొరకు సాయుధ పోరాటము నడచుచున్న దినములు. ఊరి హరిజనులు తమకు 80 ఎకరములున్న చాలునని చెప్పుకొనగా, ఇచ్చువారెవరైన కలరా యని వినోబా సభనే అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చితిననిరి. భూదానోద్యమము అక్కడ పుట్టినది. తరువాత దేశమంతట 40 లక్షల ఎకరములకు పైగా దాన వాగ్దానములు వచ్చినవి. అందు చాలభాగము పేదల చేతికి చేరలేదనియు, కొంత సాగుకు రాని రాతినేల యనియు కూడ చెప్పవలెను. మీ గ్రామపు లెక్కలలో భూదాన భూమియని వ్రాసినది ఉన్నచో, ఈ ఊరు చూచి వచ్చిన పిదప దానిని ఒకమారు తీసి చూడుడు. అది ఎవరికొరకు ఇచ్చినదో, నేడెవరి సాగులో ఉన్నదో విచారింప దగిన విషయము.

పోచంపల్లికి ఇప్పుడు జనము వచ్చునది ముఖ్యముగా మగ్గము కొరకు. ఇక్కడి నేత విధానమును ఇక్కత్తు అందురు. గుడ్డ నేసిన తరువాత రంగు అద్దుట కాదు. నేయకముందే నూలుపై చిత్రమును లెక్కగట్టి, రంగు తగులరాని చోట గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల వేరొకచోట కట్టి ముంచుదురు. ఆ నూలు మగ్గముపై చేరినపుడు ఏ పోగు ఏ చోట పడవలెనో ఆ చోటనే పడి పువ్వో, చిలుకయో తేలును. ఒక్క పోగు జరిగిన చిత్రము చెదరును. ఈ నేతకు 2004–05లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2021లో ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొన్నది. నేడది పురపాలక పట్టణము.

మగ్గము నడచు ఇంటిలో చూడవలసినది మగ్గమొక్కటే కాదు. ప్రక్క అరుగుపై ఆడవారు ఆసు పోయుచుందురు. అర్ధచంద్రాకారముగా మేకులు నాటిన చట్రముపై నూలును ఈ కొసనుండి ఆ కొసకు పోయుటయే ఆసు. ఒక్క చీరెకు చేయి సుమారు 9,000 మార్లు అటునిటు ఆడవలెను. అయిదారు గంటల పని, భుజము పడిపోవును. ఆలేరు ప్రాంతమునందలి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడు బాధ చూడలేక, ఆరవ తరగతితో చదువు ఆగిన వాడయ్యును, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచిరి. దానికి తల్లి పేరే పెట్టిరి. పని గంటన్నరకు తగ్గినది. 2017లో ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది. వ్యవధి యున్నచో చౌటుప్పల్ నుండి దక్షిణముగా పోయి పుట్టపాక కూడ చూడవచ్చును. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నేసెడి తేలియా రుమాలు అక్కడివారి సొత్తు. ఈ విద్యకు మూలస్థానము చీరాల.

కొనుగోలు మాట వచ్చినది గనుక ఒక సంగతి. ఇక్కత్తు పేర అచ్చు వేసిన గుడ్డలు అంగళ్లలో చౌకగా అమ్ముచున్నారు. గుడ్డను తిరగవేసి చూడుడు. నిజమైన ఇక్కత్తునకు రెండు ప్రక్కలను రంగు ఒకే రీతిగా నుండును. చిత్రపు అంచు కొంచెము ఈకవలె చెదరియుండును. అచ్చుగుడ్డ వెనుక ప్రక్క వెలవెలబోవును. నేతగాని యింటనో, సహకార సంఘములోనో కొన్న చీరె ధర ఎక్కువయని తోచినచో, ఆసు పోసిన చేతిని తలచుకొనుడు. బేరమాడి సగమునకు దించుట గొప్పయని మేమనుకొనము. పనిలో నున్నవారి ఇంటికి నలువదిమంది ఒక్కసారి దూరుట, అడుగక ఫొటోలు తీయుట కూడ తగదు.

చూడవచ్చిన జనమునకు మరుగుదొడ్లు ఎక్కడ ఉన్నవి, చెత్త ఎవరు తీయుదురు, బస్సులు నిలుచు చోటు ఏది — ఇవి కూడ విచారించి రండి. మీ ఊరిలో పాత కోటగాని, గుడిగాని, చెరువుగాని ఉన్నచో రేపు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవారు మీరే.

ఇక నగరములోనికి పోదము. అఫ్జల్‌గంజ్ వద్ద ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినపుడు సుమారు 150 మంది దానిపైకెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. నాటి వరదలో మరణించిన వారు సుమారు 15,000 మంది యని అంచనా. చింతచెట్టును చూచుటకు బస్సు ఆపవలెనా యని ఎవరైన నవ్వవచ్చును. ఆపవలెను. ఏలయనగా ఆ వరద కథలో మన గ్రామముల పాలు చాల ఉన్నది. తరువాత నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య విచారించి తెలిపినదేమనగా, నగరమునకు ఎగువ మూసీ పరీవాహమున 788 చెరువులుండగా వానిలో 221 తెగినవి. ఆకాశము నుండి పడిన నీరు చాలదన్నట్లు, తెగిన చెరువుల నీరు ఒకదానిపై నొకటి కూడి నగరముపై పడినది. ఎగువ చెరువు తెగినచో దిగువ చెరువు నిలువదని మన రైతులెరిగినదే. ఒక ఊరి కట్ట బలహీనత ఆ ఊరితోనే పోదు.

విశ్వేశ్వరయ్య సూచనపై మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన ఆ రెండును తరువాత నగరపు దాహమును తీర్చినవి. నగరమునకు పడమట నున్న వాని కట్టలపై నిలిచి చూచినచో అలుగు అననేమో, నీటికి దారి విడుచుట అననేమో గ్రంథములు చదువనివానికి కూడ తెలియును. ఇది పాతకథ మాత్రమే కాదు. 2020 అక్టోబరు వానలలో నగర శివారు చెరువులకు గండ్లు పడి కాలనీలు మునిగినవి. వరదకాలువలు పూడ్చి, అలుగు దారిలో ఇండ్లు కట్టిన చోట నీరు వేరొక దారి వెదకుకొనును. మీ ఊరి చెరువు కట్టపై మొలచిన తుమ్మచెట్లు, రాళ్లు జారిన చోటు, పట్టు సడలిన తూము — వీనిని వానలకు ముందే గుర్తించి నీటిపారుదల శాఖవారికి వ్రాతమూలకముగా తెలుపుట పంచాయతీ చేయగల పని. తీర్మానము వ్రాయుటకు ఒక కాగితము చాలును.

హిమాయత్‌సాగరమునకు పోవు దారిలోనే రాజేంద్రనగరము. అచ్చట జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ కలదు. 1958లో ముస్సోరీలో ఆరంభమైన ఈ సంస్థ పిదప ఇక్కడికి తరలివచ్చినది. వినోబా సమ్మేళనమునకు వచ్చిన శివరాంపల్లి దీనికి చేరువనే. ఈ సంస్థ ఆవరణలో 1999లో ఏర్పడిన గ్రామీణ సాంకేతిక పార్కు 65 ఎకరములలో ఉన్నది. కాల్చని మట్టి ఇటుకలతో, తక్కువ ఖర్చు పద్ధతులతో కట్టిన ఇండ్లు అందు చూడవచ్చును. ఫిలిం సిటీలోని ఇండ్లవలె కాక, వీనిలోనికి పోయి గోడను తట్టి, కట్టుటకెంతైనదని అడుగవచ్చును. మేస్త్రీ పని తెలిసినవాడు మీ బస్సులో నున్నచో అతనిని ముందు నడిపించుడు. మనకు తోచని ప్రశ్నలు అతనికి తోచును.

ముందుగా తెలుపక బస్సు నిండ జనముతో పోయినచో చూపించువారు దొరకుట కష్టము. కావున పంచాయతీ పేర ఉత్తరము వ్రాసి, వచ్చువారి సంఖ్య, ఏ పనులయందు ఆసక్తి కలదో అందు తెలిపి, వారిచ్చిన దినమును బట్టి తక్కిన యాత్రను నిశ్చయించుకొనుడు. ఫిలిం సిటీని చివరి దినమునకు ఉంచుకొనుట మేలు. అది ముందు చూచినచో తరువాత చింతచెట్టు దగ్గర దిగుటకు పిల్లలు ఒప్పుకొనరు.