ఇసుక పుట్టిల్లు ఏది?

మా గురువుగారి పేరిట ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి ధర్మకర్తలు నన్ను పిలిచారు. ఆయన పాండిత్యం గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు గుర్తున్నది వేరు. ఫీల్డుకు వెళ్తే ఆయన చిటికెడు మట్టి పంటికింద వేసుకొని, కరకరలాడితే ఇసుక, లేకపోతే బంకమన్ను అని తేల్చేవారు. మాచేతా తినిపించేవారు. అయితే ఎడారి ఇసుక ఎడారిలోనే పుడుతుందని ఆయన రాయించిన నోట్సును నేను ఆనాడూ ఒప్పుకోలేదు, ఈ వేదిక మీదా ఒప్పుకోను.

ఇసుక ఎలా కదులుతుందో చెప్పి మీ కాలం తీసుకోను. రేణువు గాలికి లేచి దూకడం, పడ్డచోట మరికొన్నింటిని లేపడం, దిబ్బకు గాలివైపు ఎక్కి ఆవలివైపు జారడం బాగ్నాల్డ్ 1941లోనే పుస్తకంగా వేశాడు. తగవు పుట్టుక దగ్గరే.

పగటి ఎండకూ రాత్రి చలికీ రాయి పగిలి ఇసుకవుతుందని పాఠ్యపుస్తకాల మాట. 1936లో డేవిడ్ గ్రిగ్స్ గ్రానైట్ ముక్కను 89,400 సార్లు వేడిచేసి చల్లార్చాడు. అంటే 244 ఏళ్ళ పగళ్ళూ రాత్రుళ్ళూ. రాయి చెక్కుచెదరలేదు. చల్లార్చడానికి నీళ్ళు వాడాకే పగుళ్ళు కనబడ్డాయి. ఎడారి వయసు ముందు 244 ఏళ్ళు ఏ మూలకని అడుగుతారు. న్యాయమే. అందుకే ఆ ఒక్క ప్రయోగం మీద నా వాదం నిలబెట్టను. నమీబ్‌కు రండి.

ఆఫ్రికా నైరుతి తీరాన 30 లక్షల హెక్టార్లకు పైబడిన ఆ ఇసుక సముద్రం 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దాని అడుగున త్సోండాబ్ ఎర్ర ఇసుకరాయి ఉంది. అది అరిగే పై దిబ్బలు వచ్చాయని ఒక పక్షం వాదన. 2010లో వెర్మీష్ బృందం జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల వయసులు కట్టి చూస్తే, దిబ్బల ఇసుక దక్షిణాన ఉన్న ఆరెంజ్ నది ఇసుకతో సరిపోయింది. 2012లో గర్జాంటి బృందం ఖనిజాలు పరిశీలించి, ఈ ఇసుక సముద్రం గాలి జరిపిన ఆరెంజ్ డెల్టాయే అంది. డ్రాకెన్స్‌బర్గ్ కొండల బసాల్ట్ నుంచి రాలిన పైరాక్సీన్ ఖనిజం ఆ దిబ్బల్లో ఉంది. నది దాన్ని సముద్రంలో వేసింది, అలలు ఒడ్డువెంట ఉత్తరానికి నెట్టాయి, దక్షిణపు గాలి లోపలికి తోసింది. నది తెచ్చిన వజ్రాలూ కొంతదూరం ఇదే దారి పట్టాయి. 1908లో ల్యూడెరిట్జ్ దగ్గర ఇసుకలో బయటపడ్డాయి.

ఎదుటి పక్షానికి ఒక గట్టి ప్రశ్న ఉంది. జిర్కాన్ తల్లిరాయి వయసు చెబుతుంది గాని నడిచిన దారి చెప్పదు కదా, ఆ ఇసుకరాయిలోని జిర్కాన్ కూడా ఆరెంజ్‌దే అయితే? అయినా నాకు ఇబ్బంది లేదు. త్సోండాబ్ ఇసుకరాయి చాలావరకు గట్టిపడిన పాత దిబ్బలే. దాన్ని తల్లి అనడమంటే ప్రశ్నను ఒక తరం వెనక్కి నెట్టడమే. విశ్వకిరణాలు రేణువుల్లో పుట్టించిన ఐసోటోపులను బట్టి ఇసుక అక్కడ కనీసం 10 లక్షల ఏళ్ళుగా తిరుగుతోందని కూడా వెర్మీష్ బృందమే తేల్చింది. తూర్పు అంచున స్థానిక రాళ్ళ వాటా ఉంది, కాదనను. ఎడారి ఇసుకకు మెట్టినిల్లు. పుట్టిల్లు నదికి ఎగువన ఉంది.

ఈ తగవు మనకెందుకంటే, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్ మండలాల రైతులున్నారు గనక. నైరుతి గాలి మొదలైతే వేదవతి (హగరి) నది గర్భంలోని ఇసుక వాళ్ళ పొలాల్లో మేట వేస్తుంది. దర్గాహొన్నూరు, గోవిందవాడ దిబ్బలను చూసి ఎడారి పాకుతోందంటారు. ఎక్కణ్ణుంచీ ఏ ఎడారీ పాకి రాలేదు. అది హగరి ఇసుక. ఎప్పుడు లేచిందన్నదే తేలాలి. ఎగువన 1907లో మారికణివె ఆనకట్ట పూర్తయింది, తర్వాత భైరవానితిప్ప వచ్చింది. దిబ్బలు వాటికి ముందువా, అవి నీళ్ళాపి నది ఎండాక లేచినవా? జిర్కాన్ దీనికి పనికిరాదు. రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో చెప్పే పద్ధతి కావాలి. సింఘ్వీ బృందం రాజస్థాన్ దిబ్బలకు 1982లోనే థెర్మోల్యూమినిసెన్స్‌తో కాలం కట్టింది. మేమిప్పుడు హగరి దిబ్బల్లోకి ఇనుప గొట్టాలు దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా నమూనాలు తీస్తున్నాం. దిబ్బల అడుగు ఆనకట్టలకన్నా పాతదైతే తప్పు ఆనకట్టలది కాదు, గాలికి అడ్డంగా చెట్లు పెంచుకోవాలి. కొత్తదైతే నదిలోకి నీళ్ళు వదలమని అడగడానికి ఆ రైతుల చేతికి సాక్ష్యం వస్తుంది.

ధర్మకర్తలకు ఒక మనవి. శాలువా, జ్ఞాపిక నాకు వద్దు. ఆ డబ్బు హగరి నమూనాల ల్యాబు ఖర్చుకు కట్టండి. ఉపన్యాసం అచ్చువేసేటప్పుడు ఈ మాట మాత్రం కొట్టేయకండి.