నూలుమిల్లు నుంచి రోదసికి



ఇంట్లో ఎవరు ఊరికి ప్రయాణమైనా పెట్టె సర్దేది మనమే కదా! ఎంత జాగ్రత్తగా సర్దినా ఏదో ఒకటి మరచిపోతాం. రైలు కదిలాక “అయ్యో, బ్రష్షు పెట్టలేదే!” అని నాలిక కరుచుకుంటాం. అలాంటి పొరపాటే ఒకసారి సోవియట్ యూనియన్ అంతటి దేశం చేసింది. 1963 జూన్ 16న ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని రోదసికి పంపుతూ తిండి పెట్టారు, నీళ్ళు పెట్టారు, టూత్‌పేస్టు కూడా పెట్టారు. బ్రష్షు మాత్రం మరచిపోయారు! ఆ అమ్మాయేం చేసిందంటారా? కంగారు పడకుండా చేత్తోనే పళ్ళు తోముకుంది. ఆమే వాలెంటీనా తెరిష్కోవా, రోదసిలోకి వెళ్ళిన తొలి మహిళ.

వాలెంటీనా 1937 మార్చి 6న యారొస్లావ్ల్ ప్రాంతంలోని ఒక పల్లెటూళ్ళో పుట్టింది. తండ్రి ట్రాక్టరు డ్రైవరు. పిల్ల ఇంకా చిన్నదిగా ఉండగానే ఫిన్లండుతో జరిగిన యుద్ధానికి వెళ్ళి, తిరిగి రాలేదు. ముగ్గురు పిల్లలతో మిగిలిపోయిన తల్లి నూలుమిల్లులో పనిచేసి వాళ్ళను సాకింది. వాలెంటీనా కూడా చిన్నవయసులోనే బడి మాని టైర్ల కార్ఖానాలో చేరింది. తరవాత తల్లితోబాటు మిల్లుకే వెళ్ళింది. అలాగని చదువు వదిలిపెట్టిందా? లేదు. పగలు పనిచేస్తూ, పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదివి, 1960లో టెక్నికల్ స్కూలు ప్యాసయింది. ఖాళీ దొరికితే విమానాల క్లబ్బుకి వెళ్ళి పారాచ్యూటుతో దూకడం నేర్చుకుంది.

ఈ దూకడమే ఆమె జాతకం మార్చింది. ఆ రోజుల్లో సోవియట్ వ్యోమగామి దిగే ముందు నౌకలోంచి బయటపడి, పారాచ్యూటుతో విడిగా నేల చేరాలి. అందుకని 1962లో పారాచ్యూటు తెలిసిన అయిదుగురు స్త్రీలను ఏరారు. వాళ్ళలో ఆమెకంటె పెద్ద చదువులు చదివినవాళ్ళున్నారు. కార్మిక కుటుంబం, యుద్ధంలో పోయిన తండ్రి, ఇవి కూడా ఆమెవైపు మొగ్గడానికి కారణాలయ్యాయి. కాని ఎంపిక ఏ కారణంతో జరిగినా, గిర్రున తిప్పే యంత్రంలోనూ, చప్పుడు లేని గదిలో ఒంటరిగానూ రోజులకొద్దీ తట్టుకున్నది ఆమె ఒళ్ళే కదా!

ఇదంతా రహస్యం. కన్నతల్లికి కూడా చెప్పకూడదు. “పారాచ్యూటు పోటీలకి తయారవుతున్నానమ్మా” అని చెప్పి వెళ్ళింది. కూతురు రోదసిలో తిరుగుతోందని రేడియోలో ప్రకటించాకగాని ఆ తల్లికి తెలియలేదు. ఆ క్షణంలో ఆవిడ గుండె ఎలా కొట్టుకుందో తల్లులైన మీకు నేను చెప్పాలా?

ఆమె ఎక్కిన నౌక పేరు వోస్తోక్-6. రేడియోలో పిలవడానికి ఆమెకు పెట్టిన పేరు ‘చైకా’, అంటే సముద్రపు కొంగ. మన వంటింటిపాటి కూడా లేని గుండ్రటి గదిలో, కుర్చీకి కట్టేసుకుని, 70 గంటలకు పైగా ఉండి భూమిని 48 సార్లు చుట్టింది. అప్పటిదాకా రోదసికి వెళ్ళిన అమెరికన్లందరి గంటలూ కలిపినా అంత కావు. కాలు పట్టేసింది. శిరస్త్రాణం భుజాన్ని ఒరుసుకుపోయింది. ఒంట్లో నలతగా కూడా ఉంది.

అసలు గండం వేరే ఉంది. నౌకను తిప్పే లెక్కల్లో పొరపాటు జరిగిందని ఆమె కనిపెట్టింది. దిగవలసిన వేళ యంత్రం మండితే నౌక కిందికి రాదు, ఇంకా పైకి పోతుంది! కింద ఉన్నవాళ్ళకు తెలియజేస్తే వాళ్ళు కొత్త లెక్కలు పంపించారు. సరిదిద్దుకుని జూన్ 19న ఆల్టాయ్ ప్రాంతంలో నేలకు దిగింది. ముక్కుమీద దెబ్బ తగిలింది. చుట్టూ చేరిన పల్లెజనం పెట్టిన తిండి తిని, తన రోదసి తిండి వాళ్ళకు పంచిపెట్టింది. ఎంత తిన్నదో లెక్క చూసుకోవాలనుకున్న డాక్టర్లు కోప్పడ్డారు పాపం!

ఆ పొరపాటు సంగతి ఎవరికీ చెప్పొద్దని ముఖ్య నిర్మాత కరలియోవ్ గారు అడిగారు. సరేనంది. ఆ తరవాత కొందరు పెద్దలు “ఆ అమ్మాయి సరిగా చెయ్యలేదు, భయపడింది” అని గొణిగినా నోరు విప్పలేదు. ఒక ఏడాదా, రెండేళ్ళా? ముప్ఫయి ఏళ్ళు! ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు, ధర్మరాజు శాపం అంటారు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే వాలెంటీనా పేరు చెప్పండి.

అదే ఏడు నవంబరులో తోటి వ్యోమగామి నికొలాయెవ్‌ను పెళ్ళాడింది. ఇద్దరూ మన దేశానికి వచ్చి నెహ్రూ గారిని కలిశారు. మరుసటి ఏడు కూతురు పుట్టింది. చంటిపిల్లను పెంచుకుంటూనే ఇంజనీరింగు చదివి 1969లో పట్టా పుచ్చుకుంది. ఆ పెళ్ళి నిలవలేదు. రెండోసారి రోదసికి వెళ్ళే అవకాశమూ రాలేదు. మహిళల బృందాన్నే రద్దు చేశారు. మరో స్త్రీ రోదసికి వెళ్ళడానికి 1982 దాకా, అంటే పందొమ్మిదేళ్ళు, ఆగవలసి వచ్చింది. తరవాత ఆమె నడిచిన రాజకీయాలు కొందరికి నచ్చాయి, కొందరికి నచ్చలేదు. అది వేరే సంగతి.

చివరిగా ఒక్క మాట. తిరిగొచ్చాక, “దేశం నీకేం ఇవ్వాలి?” అని అడిగితే ఆమె ఏం కోరిందో తెలుసా? ఇల్లు కాదు, నగలు కాదు. నాన్న ఏ చోట నేలకూలాడో వెతికి చెప్పమంది. వెతికారు. కరేలియా అడవుల్లో, లెమెత్తి అనే చోట, ఇప్పుడు ఆయన గుర్తుగా ఒక స్మారకం ఉంది.

భూమి మొత్తాన్ని పైనుంచి చూసి వచ్చిన కూతురు, ఆ భూమిమీద తనకి కావాలని అడిగింది ఆ జానెడు చోటే.