మీ ఆట తీరు ఏది, దానికి తగ్గ రూల్స్ ఏవి?

ఈ ఎపిసోడ్‌లో టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ గురించి మాట్లాడుకుందాం. ఇది ఫోన్‌లో ఆడే గేమ్ కాదు. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు, కథను నోటితోనే నడుపుతారు. ఏం జరుగుతుందో తేల్చాల్సి వస్తే డైస్ వేస్తారు. కథ నడిపించే మనిషిని గేమ్ మాస్టర్ అంటారు.

ఇలాంటి గ్యాంగ్‌లు రెండు మూడు ఆటలకే ఆగిపోవడం మామూలే. ఒకడేమో "ఫైట్ ఎప్పుడు మామా?" అని గోల. ఇంకొకడికి డైలాగులు కావాలి. మూడోవాడు రూల్‌బుక్‌లోనే తల పెట్టుకుని ఉంటాడు. నాలుగో అమ్మాయి మూడు గంటల్లో మూడు మాటలు కూడా మాట్లాడదు. ఆఖరికి "మనకు సెట్ కాదులేప్పా" అని లేచిపోతారు. ఆ తర్వాత కలుసుకోవడమే తగ్గిపోతుంది. చాలాసార్లు అక్కడ సెట్ కానివి రూల్స్. మనుషులు బానే ఉంటారు.

అసలు వేషం కట్టడం మన తిరుపతికి కొత్తేం కాదు కదా. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... ఒక్కో రోజుకు ఒక్కో వేషం. పాలెగాణ్ని పట్టుకోడానికి అమ్మ వేషాలు మార్చిందని, దొర వేషంలో వాణ్ని చంపిందని కథ. ఏ రోజు ఏ వేషమో ముందే ఖరారు. ఆ కట్టుబాటు ఉంది కాబట్టే మామూలు రోజుల్లో సిగ్గుపడే మనిషి కూడా ధైర్యంగా వేషం కట్టి రోడ్డు మీదికొస్తాడు. అది భక్తి, ఇది ఆట. రెండింటికీ పోలిక పెట్టడంలేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి: మంచి రూల్ మనిషిని కట్టేయదు, మనిషికి ధైర్యం ఇస్తుంది.

ఇప్పుడు ఒకే సీన్‌ను నాలుగు రకాల రూల్స్‌తో ఆడి చూద్దాం. అర్ధరాత్రి. చంద్రగిరి కోట. పైన కాపలావాడు తిరుగుతున్నాడు. మీ పాత్ర గోడెక్కి లోపలికి దూరాలి.

మొదటిది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. యుద్ధాల గేమ్స్ నుంచి పుట్టింది కాబట్టి ఇప్పటికీ దాని బలం ఫైట్‌లోనే. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ఇరవై ముఖాల డైస్ వేసి, మీ పాత్ర బోనస్ కలుపుతారు. గోడకు 15 కావాలి, మీ బోనస్ 5 అనుకోండి. డైస్ మీద 10 లేదా ఎక్కువ పడాలి. అంటే 55 శాతం ఛాన్స్. ఎక్కితే ఎక్కినట్టు, లేకుంటే లేదు. బీజీఎంఐలో ఏ గన్‌కు ఏ అటాచ్‌మెంట్ పెట్టాలా అని గంటలు లెక్కలేసే టైపు మీరైతే, ఇది మీ ఆట.

రెండోది అపోకలిప్స్ వరల్డ్ దారిలో వచ్చిన ఆటలు. ఆ పుస్తకం 2010లో వచ్చింది. మామూలు డైస్ రెండు చాలు. 10 లేదా పైన పడితే పని అయిపోయినట్టే. 7 నుంచి 9 పడితే పని అవుతుంది, కానీ ఏదో ఒకటి వదులుకోవాలి. 6 లేదా తక్కువైతే చిక్కుల్లో పడతారు. బోనస్ లేకుండా లెక్కేస్తే 36లో 6 సార్లు పూర్తి గెలుపు, 15 సార్లు సగం గెలుపు, 15 సార్లు చిక్కు. గోడెక్కారు, కానీ తాడు కింద పడిపోయింది. ఇప్పుడు బయటికెట్లా వస్తారు? చూడండి, డైసే కథను మలుపు తిప్పింది. "తర్వాతేమైంది?" అని అడిగే గ్యాంగ్‌కు ఇది బాగుంటుంది.

మూడోది కాల్ ఆఫ్ కథూలూ, 1981. ఇది భయం ఆట. గోడెక్కే నైపుణ్యం 40 అని రాసుంటే, నూటికి వేసిన డైస్‌లో 40 లేదా తక్కువ పడాలి. ఇక్కడ పాత్ర మానసిక స్థైర్యానికి కూడా ఒక నంబర్ ఉంటుంది. చూడకూడనివి చూసేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. హీరోలా గెలవాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. అర్ధరాత్రి దయ్యం సినిమా పెట్టుకునేవాళ్లు వదిలిపెట్టరు.

నాలుగోది ఫియాస్కో, 2009. దీంట్లో గేమ్ మాస్టరే ఉండడు. గోడ ఎక్కగలరా లేదా అన్నది పెద్ద ప్రశ్నే కాదు. ఆ గోడ దగ్గరికి మీతోపాటు వచ్చిన ఫ్రెండ్ మిమ్మల్ని మోసం చేస్తున్నాడా, లేదా? అదీ ప్రశ్న. అత్యాశతో మొదలై అంతా తలకిందులయ్యే కథలు ఇందులో పండుతాయి. యాక్టింగ్ పిచ్చి ఉన్నోళ్లకు పండగే.

సరే, మరి మీకేది? మొదటి ఆటకు ముందే గ్యాంగ్‌ను మూడు ప్రశ్నలు అడగండి. మీకు బాగా గుర్తుండిపోయిన గేమ్ గానీ సినిమా గానీ ఏది, అందులో ఏ సీన్? పాత్ర ఓడిపోతే మీకు కోపమొస్తుందా, మజా వస్తుందా? వారానికి ఎంత టైమ్ ఇవ్వగలరు? మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. సెమిస్టర్ పరీక్షలు దగ్గరికొస్తుంటే వందల పేజీల పుస్తకం ఎవరు చదువుతారు? లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనే ఆట మొత్తం రూల్స్ ఒకే పేజీ. పాత్రకు 2 నుంచి 5 లోపు ఒకే ఒక్క నంబర్. పది నిమిషాల్లో మొదలెట్టేయొచ్చు.

ఇప్పుడు ఆ మాట్లాడని అమ్మాయి సంగతి. చాలామంది "రూల్స్ తక్కువుంటే ఫ్రీగా మాట్లాడుతుందిలే" అనుకుంటారు. తరచుగా జరిగేది దానికి రివర్స్. రూల్స్ తక్కువైతే గట్టి గొంతు ఉన్నోడే కథంతా లాక్కుపోతాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఫైట్‌లో వరుస ఉంటుంది. ఆమె వంతు వచ్చినప్పుడు అందరూ ఆగాల్సిందే. "నువ్వేం చేస్తావ్?" అని ఆమెనే అడగాలి. ఫైట్లు ఇష్టం లేని గ్యాంగ్ అయినా ఈ వరుసను అరువు తెచ్చుకోవచ్చు. ఏ ఆటైనా సరే, సీన్‌లో ఒక్కొక్కరికి ఒక్కో వంతు పెట్టుకోండి.

డబ్బుల గురించి టెన్షన్ వద్దు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల రూల్స్‌ను 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఫ్రీగా ఇచ్చారు. గ్యాంగే లేదా? ఐరన్‌స్వోర్న్ అనే ఆటను ఒంటరిగా కూడా ఆడుకోవచ్చు, దాని పీడీఎఫ్ ఫ్రీ. డైస్‌కు ఫోన్‌లో యాప్ చాలు. రూల్స్ ఇంగ్లీషులో ఉన్నాయని ఆట కూడా ఇంగ్లీషులో ఆడక్కర్లేదు. ఒకరు చదివి చెప్తే మిగతా అంతా మన మాటల్లోనే. "నేను గోడెక్కతా" అంటే డైస్‌కేం అభ్యంతరం ఉండదు.

చివరిగా ఒక మాట. ఏ ఆటనూ ఏడాదికి ఫిక్స్ అయిపోవద్దు. మూడు ఆదివారాలు, మూడు రకాల రూల్స్, మూడు చిన్న కథలు. ప్రతిసారీ ఆట అయ్యాక ఐదు నిమిషాలు కూర్చుని, ఎవరికి ఎక్కడ బోర్ కొట్టిందో అడగండి. మొదట అడగాల్సింది తక్కువ మాట్లాడిన మనిషిని. నాలుగో ఆదివారం కూడా అందరూ వచ్చారంటే, మీ రూల్స్ మీకు దొరికినట్టే.