కొత్త క్యామ్‌షాఫ్ట్, పాత ట్యాపెట్లు

ఇంజనీరుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

మా నాన్న కదిరిలో బాడుగకు తిప్పిన 1978 మోడల్ అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. 1489 సి.సి. పెట్రోలు ఇంజను. ఆయన పోయాక దాన్ని నేనే విప్పి కట్టాను. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోయింది, కొత్తది వేశాను. దాని మీద ఆనే ట్యాపెట్లు మాత్రం నున్నగా కనిపించాయి. డబ్బు మిగులుతుందని పాతవే పెట్టాను. ధర్మవరంలో పెండ్లికి పోతుంటే ముదిగుబ్బ దాటకముందే టకటక మొదలైంది. విప్పి చూస్తే కొత్త క్యామ్ మొనలు అరిగి ఉన్నాయి.

పాత క్యామ్‌తో ఏళ్ల తరబడి రాసుకున్న ట్యాపెట్ అడుగు దానికి తగ్గట్టే అరుగుతుంది. కొత్తదాని మీద గుండ్రంగా తిరగకుండా ఒకేచోట రాస్తుంది. అందుకే క్యామ్‌షాఫ్ట్ మారిస్తే 8 ట్యాపెట్లూ మార్చాల్సిందే.

రెండోసారి స్క్రూగేజి తీశాను. క్యామ్ మొత్తం ఎత్తులోంచి దాని గుండ్రటి భాగం వ్యాసం తీసేస్తే లిఫ్టు వస్తుంది. ఇన్‌లెట్ క్యామ్‌లు నాలుగింటికీ ఒకే లిఫ్టు ఉండాలి, ఎగ్జాస్ట్‌వి నాలుగింటికీ అంతే. చైను చక్రాల గుర్తులు కలిపాను. స్టార్టయిన వెంటనే ఐడ్లింగ్‌లో వదలకుండా, నిమిషానికి 2000 చుట్ల దగ్గర 20 నిమిషాలు నడిపాను.

స్క్రూగేజి నేను మొదట పట్టుకున్నది ఈ బడిలోనే. కొలవకుండా రాసిన రికార్డును మా సైన్సు అయ్యవారు సంతకం పెట్టకుండా వెనక్కిచ్చేవారు. ఆ పాఠం నాకు రెండు క్యామ్‌షాఫ్ట్‌ల ఖర్చుతో మళ్లీ గుర్తొచ్చింది.

ఈ రోజు ఆ కారులోనే వచ్చాను. అయ్యవారూ, సభ అయ్యాక మిమ్మల్ని అందులోనే ఇంటి దగ్గర దింపుతాను. చప్పుడేమైనా వినిపిస్తే చెప్పండి.