రక్తములోని కొవ్వు - మధుమేహము
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



"మేము తీపి ముట్టము, మాకు షుగరు ఎందుకు వచ్చినది?" అని మనలో అనేకులు అడుగుచుందురు. మా అన్నగారును ఇట్లే అడిగిరి. ఆయన కాఫీలో పంచదార వేసుకొనువారు కారు. ఒకప్పుడు రక్తపరీక్ష చేయించగా పరగడుపున షుగరు 98, ట్రైగ్లిజరైడ్లు అను కొవ్వు 290 వచ్చినవి. షుగరు లేదని సంతోషించి ఆ కాగితమును బీరువాలో పెట్టిరి. ఏడేండ్ల తరువాత మానని కాలిపుండుతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మధుమేహము బయటపడినది. ఆ కాగితము ముందుగానే చెప్పిన మాటను మేమెవ్వరమును చదువలేదు.

ఆ మాట ఏమిటి? భోజనము చేయగానే రక్తములోనికి వచ్చు గ్లూకోజును కండరములలోనికి పంపునది ఇన్సులిను. పొట్టలో కొవ్వు పేరుకొన్నవారిలో కొవ్వు ఆమ్లములు విడివడి రక్తములో ఎడతెగక తిరుగుచుండును. కండరములు వాటినే ఇంధనముగా వాడుకొని, గ్లూకోజు వాడకమును తగ్గించుకొనునని 1963లో ఇంగ్లండులో ఫిలిప్ రాండిల్, ఆయన సహచరులు వివరించిరి. కండరములలోను కాలేయములోను చేరిన కొవ్వు ఇన్సులిను ఆజ్ఞకు అడ్డుపడునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అప్పుడు కాలేయము అవసరము లేకున్నను గ్లూకోజును తయారుచేయుచు, ట్రైగ్లిజరైడ్లను కూడ అధికముగా రక్తములోనికి వదలును. క్లోమగ్రంథి కొన్ని ఏండ్లు ఎక్కువ ఇన్సులిను ఊరించి షుగరును అదుపులో ఉంచును. అది అలసిన నాడు షుగరు పైకి వచ్చును. కనుక పెరిగిన ట్రైగ్లిజరైడ్లు దొంగ కంటె, దొంగ వచ్చెనని మొరుగు కుక్క వంటివి.

ఇవి నూనె, నేతుల వలననే పెరుగునని తలంచరాదు. మూడు పూటలు కంచము నిండ వరియన్నము, తీపి పానీయములు, మద్యము వలన కూడ పెరుగును.

పరగడుపున ట్రైగ్లిజరైడ్లు 150 చేరినను, షుగరు 100 మొదలు 125 వరకు ఉన్నను, నడుము చుట్టుకొలత మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినను ఊరకుండరాదు. 2002లో వెలువడిన అమెరికా పరిశోధనలో, శరీరపు బరువులో 7 శాతము తగ్గుటయు, వారమునకు 150 నిమిషములు చురుకుగా నడచుటయు లక్ష్యముగా పెట్టుకొన్నవారిలో కొత్తగా మధుమేహము వచ్చుట 58 శాతము తగ్గినది.

మీరు ఇంటికి వెళ్లి బీరువాలోని పాత కాగితములు తీయుడి. షుగరు వరుసతో ఆగక, కొవ్వు లెక్క గల వరుసను కూడ చదివి వైద్యునికి చూపుడి. మా అన్నగారికి కాలివ్రేలు ఒకటి తీసివేయవలసి వచ్చినది. మీ ఇంట ఎవ్వరికిని అట్లు జరుగకూడదనియే ఈ నాలుగు మాటలు మనవి చేసితిని.